చెల్లె చదరంలో నాలుగు గింజలు

నా చిన్నప్పుడు, చేవెళ్లలోని మా ఇంటి గోడ మీద పటాల కింద వరుసగా అల్లిక చదరాలు వేలాడుతుండేవి. మా నాయనమ్మ ప్రతి మనుమడికీ, మనుమరాలికీ క్రోషియా సూదితో ఒక్కొక్క చదరం అల్లేది. అందరివీ పూర్తయ్యాక కలిపి కుట్టి దుప్పటి చేస్తానని చెప్పేది. ఆమె పుట్టిల్లు మొయినాబాద్. అక్కడ ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం పిన్నమ్మ దగ్గర ఈ పని నేర్చుకున్నదట. సైకిల్ పుల్లను అరగదీసి చేసిన సూదులు రెండు ఆమె పెట్టెలో ఎప్పుడూ ఉండేవి.

ఏ పిల్ల ఎట్లాంటిదో చూసి అట్లాంటి చదరం అల్లడం ఆమె పద్ధతి. నాకు అల్లింది మాత్రం అంతా జాలీయే, వల లాంటి కన్నాలే. "నువ్వు ఒక్క తాన నిలబడవు గద కొడుకా, గాలి లెక్క. అందుకే నీకన్నీ కిటికీలే" అని నవ్వేది. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి కానీ లోపల గుచ్చుకునేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు చెల్లె పుట్టింది. ఏడాది నిండేసరికి దానికొక అలవాటైంది. వాకిట్లో ఆరబోసిన జొన్నలు పిడికిట పట్టి, ఎంత బతిమాలినా వదిలేది కాదు. నాయనమ్మకు అది చూసి ఎంత మురిపెమో. చెల్లె చదరం నిండా గింజలు లేపింది. ఒకే కన్నంలోంచి ఐదుసార్లు దారం తీసి ఒక్కటిగా బిగిస్తే, అల్లిక మీద జొన్నగింజలా ఉబ్బేది. చేత్తో తడిమితే నిజంగా గింజలే అనిపించేవి. వచ్చినవాళ్ళంతా దాన్ని తడిమి చూసి మెచ్చుకునేవాళ్ళు. నా కిటికీల వైపు ఎవరూ చూడలేదు.

ఆ రోజుల్లో పక్కింటి అక్క మధ్యాహ్నం పూట నాయనమ్మ దగ్గర అల్లిక నేర్చుకోవడానికి వచ్చేది. ఆమెను బడి మాన్పించారు. పొద్దంతా ఇంటి పనే. ఆ ఒక్క గంట మా అరుగు మీద కూర్చోవడమే ఆమెకు సొంతంగా ఉన్నది. నాయనమ్మ రెండో సూదిని ఆమెకు ఇచ్చేసింది.

ఒక అంగడి రోజు నాయనమ్మ ఇంట్లో లేదు. అక్క వచ్చి తన పని చేసుకొని వెళ్ళిపోయింది. చెల్లె చదరం ఒక్క వరుస మిగిలి, సూది గుచ్చి అరుగు మీదే ఉన్నది. నేను సూది తీసి దారం కొస లాగాను. అల్లిక సంగతి తెలిసినవాళ్ళకు తెలుసు, కొస ముడి పడకముందు లాగితే అంతా వచ్చేస్తుంది. ఒక్కొక్క గింజా టప్పున విడిపోతుంటే మొదట సంతోషమేసింది. సగం పోయాక భయమేసింది. అయినా ఆగలేదు. చివరికి చిక్కు పడ్డ దారం కుప్ప మిగిలింది.

అమ్మ చూసి "గిదెవరు చేసిండ్రు?" అని అడిగింది. నేల చూస్తూ "పక్కింటి అక్క" అన్నాను.

అమ్మ గోడ దగ్గరికి పోయి ఆమెను పిలిచింది. "పనికొచ్చే చేతులనుకున్నం బిడ్డా, పాడుచేసే చేతులాయె. రేపటి సంది రాకు" అన్నది. అక్క ఇంట్లోకి పోయి, సూది తెచ్చి గోడ మీద పెట్టింది.

మరునాడు పొద్దున నాయనమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకొని ఆ కుప్పను నా ఒళ్ళో పెట్టింది. "నా కండ్లకు ఆనుతలేదు. జర చిక్కు తీసి ఉండ చుట్టు." ఇంకేమీ అడగలేదు. నేను చుడుతుంటే ఆమె ఊరికే చెప్పుకుపోయింది.

"పై వరుసలన్నీ మీ చెల్లె పిడికిట్ల జొన్నలే. నడిమి నాలుగు గింజలు మాత్రం నీయి."

"నాయా?"

"అది తొలిసారి నడిచిన నాలుగు అడుగులు ఎవరి దిక్కు? నేను పిలిస్తె రాలె, మీ అమ్మ పిలిస్తె రాలె. నీ దిక్కే వచ్చింది. మర్సినవా?"

నిజంగానే మరిచిపోయాను. నేను ఊడదీసిన దాంట్లో నేను కూడా ఉన్నానని తెలిసేసరికి ఏడుపు ఆగలేదు. అంతా చెప్పేశాను. ఆమె కొట్టలేదు, తిట్టలేదు. గోడ మీది సూది తెచ్చి నా చేతిలో పెట్టింది. "నాకు చెప్తె ఏం లాభం? వినాల్సినామె గోడవతల ఉన్నది" అన్నది.

పక్కింటి వాకిట్లో అక్క చింతపండు కొట్టి గింజలు తీస్తున్నది. సూది చాపి, చేసింది నేనేనని చెప్పాను. ఆమె తలెత్తి, "నాకు నిన్ననే తెల్సు దొరా. ఆ కుప్ప గోడ మీదికెళ్ళి తొంగిచూసిన. ఇప్పేటప్పుడు నేనైతే ఉండ చుట్టుకుంట ఇప్పుత. గట్ల పేగులు గుంజినట్టు గుంజుతనా?" అన్నది. తర్వాత "మీ అమ్మకు చెప్పినవా?" అని అడిగింది. లేదన్నాను. "అయితె ఆమె దగ్గరికి పో ముందుగాల."

అమ్మకు చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. అమ్మ చేతులు తుడుచుకొని గోడ దగ్గరికి పోయింది. "తప్పు నాది బిడ్డా, పోరని మాట నమ్మిన. ఇయ్యాల మధ్యాహ్నం రా, అత్తమ్మ ఎదురుచూస్తది" అన్నది. ఆ మాట చెవిన పడగానే నాకు విపరీతంగా ఆకలేసింది. రాత్రి అన్నం తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఆ దారంతోనే చదరం మళ్ళీ అల్లారు. సగం నాయనమ్మ, సగం అక్క. నడిమి నాలుగు గింజలు మాత్రం నాతో వేయించారు. అవి పక్కకు ఒరిగాయి, దారం ముడతలు పూర్తిగా పోలేదు. శంకర్‌పల్లిలో చెల్లె ఇంట్లో అది ఇప్పటికీ ఉన్నది.

ఆనాటితో నేను బుద్ధిమంతుణ్ణయ్యానని చెప్పలేను. పెద్దయ్యాక పొలం గట్టు రాయి జరిపాడని మా చిన్నాయన కొడుకు, తమ్ముడి మీద నింద వేసి, ఆరు నెలలు మాట్లాడలేదు. జరిపింది నా ట్రాక్టరేనని నాకు తెలుసు. ఒకనాడు వాడి వాకిట్లోకి పోయి ఆ మాట చెప్పాను. తిరిగి వస్తుంటే ఆనాటిలాగే విపరీతంగా ఆకలేసింది.

ఇప్పుడు మొయినాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. నాలుగేళ్ళ మనుమరాలు లిఫ్టు ఎక్కితే చాలు, అన్ని బటన్లూ నొక్కుతుంది. అందుకే దాని చదరంలో నిలువునా రెండు వరుసల గింజలు లేపుతున్నాను. నాకు వచ్చిన కుట్టు అదొక్కటే. నిన్న చూస్తే ఒక వరుసలో గింజ తక్కువైంది. ఇప్పడం మొదలుపెట్టాను.

"ఎవరు ఖరాబ్ చేసిండ్రు తాతా?" అని అడిగింది మనుమరాలు.

"నేనే బిడ్డా" అన్నాను. నేను మెల్లగా ఇప్పుతుంటే, అది దారం ఉండ చుట్టింది.