ఫ్రెష్ స్టార్ట్ అన్నతో పల్సానాలో

ఆ రోజుల్లో నాకు మాటలు వచ్చన్న సంగతి మా ఆఫీసులో సగం మందికి తెలియదు. (ఆ రోజులంటే మరీ ముసలిదాన్ననుకోకండి, తలలో ఇంకా ఒక్క తెల్ల వెంట్రుక లేదు.) చదువు ముగించి సూరత్‌లోనే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ట్రైనీగా చేరాను. మనసులో ఉన్నది డైరీకి చెప్పుకోవడం, మనుషులకు తల ఊపడం నా పద్ధతి. సూరత్ శివారు ఉన్‌లోని మా ఒంటి గదిలో అమ్మ కొత్త చీరలకు వేలాడే దారాలు కత్తిరిస్తూ రోజూ ఒకటే మాట అనేది. "నౌకరి పక్కా చేస్తరా లేదా అడుగు బిడ్డా. లేకుంటే గీ కత్తెర పట్టుకొని నా పక్కన కూసో." అడగాలంటే నోరు తెరవాలి, అదే వచ్చిన చిక్కు. చివరికి మా ఆఫీసు యజమానే తేల్చాడు. సూరత్ దగ్గరి పల్సానాలో ఒక సాంచెల కార్ఖానాకు చేస్తున్న ప్రోగ్రాం సరిగ్గా నడిస్తే ఉద్యోగం పక్కా, లేకపోతే ఇంటికి. అంటే కత్తెరకు.

ఏ సాంచె మీద, అంటే ఏ కరెంటు మగ్గం మీద, ఎంత గుడ్డ దిగిందో లెక్క రాసిపెట్టే ప్రోగ్రాం అది. దాన్ని నడిపించగానే ఆ లెక్కలుండే డేటాబేసు తనంతట తానే తయారవ్వాలి. లేకపోతే కట్టుకోవాలి, ఉంటే ఉన్నదాన్నే వాడుకోవాలి, అంతే. మా సీనియర్ మాత్రం, ఉన్నదాన్ని కూల్చేసి ప్రతిసారీ కొత్తది కట్టేలా రాశాడు. పూటకోసారి ఆలోచన మార్చుకునే మనిషికి అది హాయిగానే ఉంటుంది. ఈ ఘనకార్యానికి "ఫ్రెష్ స్టార్ట్" అని పేరు పెట్టుకున్నాడు. మేము అతనికి ఆ పేరే పెట్టాం.

ధైర్యం కూడగట్టుకుని ఒకసారి గొణిగాను. "అన్నా, పాళీ మారేటప్పుడు కార్ఖానాల మెయిన్ బంద్ చేస్తరని మా నాయన చెప్పిండు. మళ్ల చాలు అయితే లెక్కలన్నీ పోతయి గద..." (పాళీ అంటే షిఫ్టు, చాలు కావడమంటే మొదలవడం.)

"సాంచెలకు, సర్వర్‌కు ఏం సంబంధం? నువ్వు జర పుస్తకాలు తక్కువ చదువు," అన్నాడు అన్న. వాళ్ళ నాన్న కూడా సాంచెలు నడిపి ఇతన్ని చదివించినవాడే. అన్నకు మాత్రం ఆ నూనె మరక ఎక్కడా అంటలేదు. పైగా కార్ఖానా ఓనరు సేఠ్ గురించి నాకొక హెచ్చరిక. "సేఠ్ ముందట నోరు తెరవకు." అంత సులువైన పని నాకు అంతవరకు ఎవరూ అప్పగించలేదు.

పల్సానాలో మొదటి పూట లెక్కలు ఎక్కించాం. సేఠ్ మురిసిపోయి పలహారానికి ఖమన్ తెప్పించాడు. సాయంత్రం పాళీ మారగానే మాస్టర్ మామ మెయిన్ ఆపి, మగ్గాల మీద పేరుకున్న దూది నూగు ఊడ్పించి, నూనె వేయించి, మళ్ళీ వేశాడు. (సాంచెలన్నీ బాగుచేసే మనిషి మాస్టర్. ఈయన కరీంనగర్ వైపు ఆయన.) కంప్యూటర్ లేచింది. లెక్కలు లేవు. "ఓల్టేజ్," అన్నాడు అన్న గంభీరంగా. మళ్ళీ ఎక్కించాం. మర్నాడు పొద్దున చూస్తే మళ్ళీ శుభ్రంగా ఉంది. "నూగు దూరింది," అన్నాడు. "బహుత్ సఫాయీవాలా సాఫ్ట్‌వేర్ హై," అన్నాడు సేఠ్. ఖమన్ ఆగిపోయింది. మూడోసారి అన్న వేలు మాస్టర్ మామ వైపు తిరిగింది. ఈయనే ఏదో వైరు పీకాడట. సేఠ్ మండిపడి, "కల్ సే మత్ ఆనా," అని మామను పనిలోంచి తీసేశాడు.

నేను మగ్గాల మధ్య గోడకు అతుక్కుని నిలబడ్డాను. మామ వెతుక్కుంటూ నా దగ్గరికే వచ్చాడు. "బిడ్డా, నేనేం జేసిన? రోజు లెక్కనే మెయిన్ బంద్ జేసిన. గంతేనాయె!"

గుసగుసగా చెప్పాను. మగ్గాల చప్పుడు మింగేసింది. "ఆఁ? జర గట్టిగ చెప్పు!" కొంచెం పెంచాను. "ఏందీ? వినొస్తలేదు!" పుట్టిన దగ్గర్నుంచి దాచుకున్న గొంతునంతా బయటికి తీశాను. "మామా, నీ తప్పేం లేదు!"

సరిగ్గా అక్కడ కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయి. నా గొంతు ఆగలేదు.

"మా అన్నకే అకల్ లేదు! చాలు అయినప్పుడల్లా లెక్కలన్నీ తుడిచిపెట్టమని ఆయనే రాసిండు!"

గుమ్మంలో సేఠ్, ఆయన పక్కన అన్న. "క్యా బోలీ?" అన్నాడు సేఠ్. మన తెలుగువాడొకడు మగ్గం వదిలి వచ్చి, ఎంతో శ్రద్ధగా హిందీలో వివరించాడు. (నేను అనని మాటలు రెండు తనవి కలిపాడు. అవీ బాగానే ఉన్నాయి.) "తో ఠీక్ కౌన్ కరేగా?" బాగుచేసేదెవరని సేఠ్ అడిగితే అన్న పైకప్పు చూశాడు. నేను చెయ్యెత్తాను.

కరెంటు వచ్చాక ఒక్క షరతు మార్చాను: ఉంటే ముట్టుకోకు. లెక్కలు ఎక్కించాక మాస్టర్ మామ తన చేత్తోనే మెయిన్ ఆపి, దండం పెట్టుకుని వేశాడు. లెక్కలు అక్కడే ఉన్నాయి. సేఠ్ ఆయన భుజం తట్టి, "కల్ టైమ్ పే ఆనా," అన్నాడు. రేపు వేళకు రమ్మనడం. క్షమాపణ అంటే అంతే, దాన్ని అంతకన్నా పొడుగ్గా చెప్పే సేఠ్‌ను నేనింకా చూడలేదు.

తిరుగు దారిలో ఆటోలో అన్న, "నిన్ను పరీక్ష చేసిన. నీకు ధైర్యం వస్తదా రాదా అని," అన్నాడు. నేను తల ఊపాను.

నా ఉద్యోగం పక్కా చేస్తూ యజమాని నలుగురి ముందు మెచ్చుకున్నాడు. "ఈ అమ్మాయికి కమ్యూనికేషన్ బాగా తెలుసు." అమ్మకు చెబితే, అదేం రోగమోనని భయపడింది.

ఇప్పటికీ మీటింగుల్లో నా వంతు వచ్చేసరికి చెప్పాలనుకున్నది గొంతులోనే చల్లారిపోతుంది. కార్ఖానా అంతా వినేలా అరిచిన ఆ పిల్ల ఎక్కడికి పోయిందో తెలియదు. కనబడితే మళ్ళీ ఒక్కసారి పక్కన కూర్చోబెట్టుకోవాలని ఉంటుంది.