పాలు పొంగించిన కొట్టు

ఉదయం ఏడూ ఇరవైకి మా పెరటి కొట్టులో పాలు పొంగాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది, మాచర్లలో. ముందురోజు వరకు అందులో పాత గోతాలు, విరిగిన కాడి ఉండేవి.

మా మామయ్య బావులు తవ్వించే మేస్త్రీ. రాయి పేల్చే మందు ఆ కొట్టులో నిల్వ చేయడానికి లైసెన్సు కోరారు. గోడకు ఇవతల నా మూడు నెలల కొడుకు ఉయ్యాల. అత్తయ్య వద్దంది. ఆయన వినలేదు. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే కాబట్టి అర్జీ నాచేతే రాయించారు.

అర్జీ ఫారంతో పాటు వచ్చిన నిబంధనలు అత్తయ్య నాచేత చదివించుకుంది. మనుషులుండే చోట, పొయ్యి వెలిగే చోట మందు ఉంచకూడదు. ఆ మాట రెండోసారి చదవమంది.

"పొయ్యి వెలిగిస్తే కొట్టు ఇల్లయిద్దా?"

"అయిద్దత్తయ్యా."

ఎనిమిదింటికి తనిఖీ అధికారి వచ్చాడు. కొట్టు గుమ్మానికి పసుపు, లోపల మూడు రాళ్ల పొయ్యి, పక్కన చాప. ఆయన కాగితం చూసుకున్నాడు.

"ఖాళీ కొట్టని రాశారే?"

"ఏమే! నిన్నటిదాకా చెత్త కొట్టేగా ఇది?" అన్నారు మామయ్య.

"నిన్న కొట్టే. ఇయ్యాల ఇల్లు. పాలు పొంగిచ్చాంగా," అని అత్తయ్య అధికారి చేతికి గ్లాసు అందించింది. "తాగండయ్యా. గృహప్రవేశానికొచ్చి ఊరకే పోగూడదు."

ఆయన పాలు తాగి, అర్జీ కొట్టేశాడు. ఊరి బయట రాతి గది కట్టుకుంటే మళ్లీ వస్తానన్నాడు. మామయ్య నాలుగు రోజులు అత్తయ్యతో మాట్లాడలేదు. ఐదో రోజు, "కూరలో ఉప్పు చానా ఎక్కువైంది," అన్నారు. ఆ ఎండాకాలమే పొలం గట్టున రాతి గది లేచింది.

ఇక వంటింటికి వచ్చేయమని అత్తయ్యతో అన్నాను. రానంది. పొయ్యి ఆరితే అది మళ్లీ కొట్టవుతుందని, కొట్టయితే మందు వస్తుందని ఆమె లెక్క. కిటికీ లేని ఆ గదిలో, పొగకు కళ్లు ఎర్రబడుతున్నా, రోజుకు ఒక పూటైనా వండింది. మామయ్య పోయి మందు పని ఆగిపోయాక కూడా మానలేదు. నా కొడుకు ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి.

అత్తయ్య పోయిన నెల చనిపోయింది. పదకొండో రోజు వంట కూడా వంటింట్లోనే చేశాం. ఆ గదిలో ఇప్పుడు పొయ్యి వెలిగించడం లేదు.