టైపమ్మ అమెరికా సాహిత్యం చదివిన వైనం

ఆ కోర్టులో జడ్జీలు మారుతుంటారు, లాయర్లు ముసలివాళ్ళవుతుంటారు. జడ్జిగారి బల్లకు ఎడమపక్కన, కిటికీ కింద ఉన్న కుర్చీలో మాత్రం ఇరవై రెండేళ్ళుగా ఒకే మనిషి. గుమాస్తా మొదలుకొని గేటు దగ్గర జవాను దాకా అందరికీ ఆమె టైపమ్మే. సాక్షి నోరు తెరవకముందే ఆమె వేళ్ళు కదులుతాయని లాయర్లు వేళాకోళమాడతారు. అందులో అబద్ధం కొంచెమే.

నోట్లో నాలుక లేని మనిషి అని ఆమెకు పేరు. దానికి కారణముంది. ఆమెకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నాయన ఒకరోజు "సార్, సాక్షి అలా అనలేదు" అన్నాడట. అంతే, పాత ఫైళ్ళ గదికి బదిలీ. పాపం ఆయన ఇప్పటికీ ఆ దుమ్ములో తుమ్ముతూనే ఉన్నాడు. ఆ తుమ్ములు వినబడినప్పుడల్లా టైపమ్మ తలవంచుకుని తన పని తాను చేసుకుపోతుంది.

ఆ పని ఎలా ఉంటుందో చెప్పాలి. లాయరు అడుగుతాడు, "ఆ రోజు నువ్వు అక్కడ లేవు కదా?" అని. సాక్షి "ఆఁ" అంటాడు. జడ్జిగారు ఆ రెండూ కలిపి, "ఆ రోజు నేను అక్కడ లేను" అని చెబుతారు. టైపమ్మ అదే కొడుతుంది. లాయరు అడిగిన మాట కాగితం మీదికి రాదు. చదివేవాళ్ళకు సాక్షి తనంతట తానే గడగడా చెప్పేసినట్టుంటుంది. అన్నీ రాస్తూ కూర్చుంటే కేసులు తెమలవని ఎప్పుడో ఎవరో పెట్టిన అలవాటది.

ఆ ఏడాది కోర్టుకు ఒక చిన్న కేసు వచ్చింది. ఇస్త్రీ బండి నడుపుకునే ఒకావిడ అర్జీ పెట్టింది. "మా అక్క ఆ పెద్దింట్లో ముప్ఫయ్యేళ్ళుగా వంట చేస్తోంది. నా దగ్గరకు పంపమంటే పంపరు. కాలు బయట పెట్టనివ్వరు. మాకు వయసైపోయింది, కలిసి బతకనివ్వండి." ఇంటివాళ్ళ జవాబు ఒకటే: ఆమె మా మనిషి, సుఖంగా ఉంది, కావాలంటే ఆమెనే అడగండి. అక్కను పిలిపించడానికి వచ్చే నెలలో వాయిదా పడింది. ఆ ఒక్కరోజు అక్క ఏం చెబితే అదే తీర్పు. చెల్లెలు వారానికోసారి కోర్టుకొచ్చి, కాలిన మచ్చలున్న చేతులతో కిటికీ ఊచలు పట్టుకుని అడిగేది.

"అమ్మా, మా అక్క సరిగ్గా చెబుతుందంటావా?"

టైపమ్మ ఏం చెబుతుంది? వాయిదా తేదీ ఇంకోసారి చెప్పి పంపేది.

ఇక ఆమె చదువు సంగతి. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, కొడుకు ఉద్యోగంలో కుదురుకున్నాక, ఆమె సాయంత్రం కాలేజీలో చేరింది. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ తగాదాలే టైపు చేశాను, ఒక్కసారైనా నాకోసం నేను ఏదైనా చదువుకోవాలి అని. భర్త సంతోషించాడు. అత్తగారు మాత్రం ఊరుకోలేదు.

"కోడలు బడికి పోతుంటే అత్త గరిట తిప్పుతోంది. లోకం తలకిందులవడమంటే ఇదే," అని పక్కింటికి వినబడేలా అనేది. అంటూనే కోడలి సంచిలో మంచినీళ్ళ సీసా పెట్టేది.

అమెరికా సాహిత్యం చెప్పే మాస్టారు వింత మనిషి. ప్రతి పాఠానికీ ఒక పేజీ రాసి తెమ్మనేవారు. "బాగుంది, బాగాలేదు అని రాయకండి. ఇది రాసినప్పుడు ఆ దేశంలో ఏం జరుగుతోందో ముందు తెలుసుకోండి. ఆ తర్వాత మీ కళ్ళతో చూసి రాయండి. నా కళ్ళు నాకున్నాయి." ఇదీ ఆయన నియమం.

ఆ తరగతిలో ఉన్నవాళ్ళంతా పగలంతా పనిచేసి వచ్చేవాళ్ళే. అంతర్యుద్ధం నాటి సైనికుల ఉత్తరాల గురించి ఒక నర్సు రాసింది. గాయాలు కడగడానికి మందులే సరిగ్గా లేని రోజుల్లో ఆ కుర్రాళ్ళు అమ్మకు "క్షేమం" అని రాశారంటే, అది అబద్ధమైనా నేను దిద్దను, అంది. కరువుకు ఊళ్ళు వదిలి పాత బళ్ళలో పడమటికి పోయిన రైతుల కథ మీద బస్సు డ్రైవరొకాయన రాశాడు. ఆకలి సంగతి అందరూ రాస్తారు, అరిగిపోయిన టైర్లతో ఆ కొండలు దిగినవాడి గుండెదిటవు సంగతి నేను రాస్తాను, అన్నాడు. ఇలాంటి పేజీలు ఏ పెద్ద పుస్తకంలోనూ దొరకవు. టైపమ్మ పేజీలు మాత్రం నాలుగు వాక్యాలు దాటేవి కావు. మాస్టారు కింద "ఇంకొంచెం?" అని రాసి ఇచ్చేవారు.

ఒక వారం వాంగ్మూలాల పాఠం వచ్చింది. పంతొమ్మిది వందల ముప్ఫైలలో, పనులు లేక దేశం అల్లాడుతున్నప్పుడు, ప్రభుత్వం రాతగాళ్ళను పనిలో పెట్టుకుని ఊళ్ళమీదికి పంపింది. బానిసలుగా పుట్టి, విడుదలై, ఇంకా బతికున్న ముసలివాళ్ళ మాటలు రాసుకురమ్మంది. అలాంటి ఒక ముసలమ్మ వాంగ్మూలం మాస్టారు చదివి వినిపించారు. "మా దొర మంచివాడు. మమ్మల్ని ఆకలితో ఉంచలేదు. నేను కొరడా దెబ్బ తినలేదు. ఆ రోజులే బాగుండేవి."

తరగతి భగ్గుమంది. "బానిసత్వం అలవాటైపోయింది" అన్నారొకరు. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టని మనిషి" అన్నారింకొకరు. టైపమ్మ ఆ కాగితం చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివింది. అది ఆమె రోజూ చూసే కాగితమే.

ఆదివారం ఇంట్లో పేజీ రాయడానికి కూర్చుంది. ముందుగదిలో ఎవరో చుట్టపుచూపుగా వచ్చారు. "కోడలు బాగా చూసుకుంటోందా వదినా?" అని అడిగారు. "నాకేం, మహారాణిలా ఉన్నాను," అంది అత్తగారు. వాళ్ళు వెళ్ళాక టైపమ్మ లేచి వచ్చింది.

"అత్తయ్యా, నేను ఇంట్లో లేనప్పుడు అడిగితే ఏం చెప్పేవారు?"

"నువ్వు లేనప్పుడు అడిగిందెవరే?" అంది ఆవిడ. మళ్ళీ తనే, "కూరలో ఉప్పు తక్కువేస్తావని చెప్పేదాన్ని," అంది.

"అంతేనా?"

"ఇంకా చాలా చెప్పేదాన్ని. పో, పోయి రాసుకో."

ఆ పేజీ తొమ్మిది పేజీలైంది. ఇందులో జవాబులే ఉన్నాయి, అడిగినవి లేవు, అని మొదలుపెట్టింది. దొర మంచివాడేనా అని ఎవరో అడిగి ఉంటారు. నిన్ను కొరడాతో కొట్టారా అని అడిగి ఉంటారు. మరి మీ అమ్మను కొట్టారా అని అడిగారా? అడగకపోతే ఎలా చెబుతుంది? అడిగిన మనిషి తెల్లవాడైతే, ఆ దొర బంధువులు అదే ఊళ్ళో ఉంటే, ఈ ప్రభుత్వం మనిషి పింఛను ఇప్పిస్తాడేమోనని ఆమెకు ఆశ ఉంటే, మీరైతే ఏం చెబుతారు? మా అత్తగారైతే మహారాణిలా ఉన్నానని చెబుతారు, అని కూడా రాసేసింది. చివర ఇలా ముగించింది. "ముసలమ్మ అబద్ధం చెప్పలేదు. తనను అడిగినంతవరకే చెప్పింది. మిగతాది రాసినవాళ్ళ తప్పు. ఇరవై రెండేళ్ళుగా నేనూ ఆ రాసినవాళ్ళలో దాన్నే."

మాస్టారు దాన్ని తరగతిలో చదివారు. అత్తగారి మాట దగ్గర అందరూ నవ్వారు, ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. "ఈ పాఠం పదిహేనేళ్ళుగా చెబుతున్నాను," అన్నారాయన. "మీరు అడిగింది నాకెప్పుడూ తట్టలేదమ్మా." టైపమ్మకు సిగ్గు ముంచుకొచ్చింది. సంతోషం కూడా వేసింది. అంత సంతోషం ఆమెకు ఉద్యోగం వచ్చినరోజు కూడా వేయలేదు.

వాయిదా రోజు రానే వచ్చింది. వంటామె బోనులో నిలబడింది. సన్నటి మనిషి. ఆమెకు నాలుగడుగుల వెనక మొదటి బెంచీలో ఆ ఇంటి పెద్దావిడ, కొడుకు. చెల్లెలు తలుపు దగ్గర గోడకు అతుక్కుని నిలబడి ఉంది.

"వేళకు తిండి పెడతారా?" అన్నాడు ఇంటివాళ్ళ లాయరు.

"పెడతారు బాబూ."

"నిన్నెప్పుడైనా కొట్టారా?"

"లేదు బాబూ."

"బాగానే చూసుకుంటారు కదా?"

"బాగానే చూసుకుంటారు."

సాక్షుల మొహం చూసే అలవాటు టైపమ్మకు లేదు. ఆరోజు చూసింది. ప్రతి జవాబుకు ముందూ వంటామె మెడ వెనక్కి తిరిగి, పెద్దావిడను చూసి, మళ్ళీ ముందుకొస్తోంది.

జడ్జిగారు చెప్పడం మొదలుపెట్టారు. "రాయండి. వాళ్ళు నన్ను బాగా చూసుకుంటున్నారు. నాకు ఏ లోటూ లేదు. నా ఇష్టంతోనే అక్కడ ఉంటున్నాను."

మొదటి రెండు వాక్యాలూ పడ్డాయి. మూడోది పడలేదు. టక్‌టక్ ఆగిపోయేసరికి అందరూ ఎడమపక్కకు చూశారు. టైపమ్మ చేతులు ఒళ్ళో ఉన్నాయి. పాత ఫైళ్ళ గది ఆమెకు కళ్ళముందు కనిపించింది. అయినా తలెత్తి జడ్జిగారి వైపు చూసింది.

"సార్... ఇష్టంతో ఉంటున్నావా అని ఆమెను ఎవరూ అడగలేదు సార్."

గుమాస్తా చేతిలో కలం కింద పడింది. జడ్జిగారి మొహం కందగడ్డలా అయింది.

"మీ పని రాయడం."

"రాస్తాను సార్. అడిగింది కూడా రాయమంటారా? గదిలో ఎవరెవరున్నారో కూడా రాయమంటారా?"

లాయరు లేచి అభ్యంతరం అన్నాడు. జడ్జిగారు ఆయనవైపు చూడలేదు. మొదటి బెంచీ వైపు చూశారు, బోనులో ఉన్న మనిషి మెడ వైపు చూశారు. చాలాసేపు చూశారు. అలా చూడగలగడం ఆయన గొప్పతనమే, కాదనకూడదు. తర్వాత, "ఇంటివాళ్ళు బయట కూర్చోండి. అర్జీ పెట్టిన ఆవిడ కూడా," అన్నారు.

తలుపు మూసుకుంది. ఆయన కొంచెం ముందుకు వంగారు.

"అమ్మా, నీకు ఎక్కడ ఉండాలనుంది?"

ఆమె మెడ అలవాటుగా వెనక్కి తిరిగింది. బెంచీ ఖాళీగా ఉంది.

"నాకా బాబూ?"

"నీకే."

"మా చెల్లెలి దగ్గర."

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి టైపమ్మ అడిగినదొక వరస, చెప్పినదొక వరస కొట్టింది. కాగితం తీసి, రివాజు ప్రకారం బోను దగ్గరకెళ్ళి, సాక్షికి చదివి వినిపించింది. వేలిముద్ర వేయబోతూ వంటామె చెయ్యి ఆపింది.

"ఇంకోసారి చదువు తల్లీ."

"మా చెల్లెలి దగ్గర..." అని మొదలుపెట్టింది టైపమ్మ.

"అది కాదమ్మా. అది నాకు తెలిసిందే. దాని పైది చదువు. నన్ను అడిగింది."