మార్తక్కకు తృప్తి లేదు

ఈ ఉదయం గోదావరిఖనిలో గని ముందు మా కాంట్రాక్టు కార్మికుల సంఘం తరఫున గేట్ మీటింగ్ పెట్టాం. గని మట్టి తోలే లారీల కాంట్రాక్టు డ్రైవర్ల జీతాల గొడవ తేలిందని చెప్పడానికి. మైకు కీచుమనగానే నాకు మార్తక్క గుర్తొచ్చింది. ఆమె ఉంటే ఆ మైకును నాలుగు తిట్లు తిట్టేది. గేట్ మీటింగ్ అంటే, షిఫ్టు దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ ఎదురుపడే ఆ కాసేపట్లోనే చెప్పాల్సింది చెప్పెయ్యాలి. తర్వాత వినేవాడు ఉండడు. మార్తక్క దవాఖానలో ఆయాగా చేసి రిటైరైంది. పెన్షన్ తీసుకుంటూ, చర్చికి వెళ్తూ హాయిగా ఉండొచ్చు. ఉండలేదు. గని కాలనీల్లో కాంట్రాక్టరు కింద రోడ్లు ఊడ్చే మా ఆడవాళ్ళ వెంటపడి, పోరుపెట్టి మరీ సంఘం పెట్టించింది.

నాకు మొదటిసారి మైకు ఇచ్చింది ఆమే. "సార్లూ, మా మీద దయ ఉంచి..." అన్నానో లేదో, లాగేసుకుంది.

"దయ ఎందుకే? ఊడ్వలేదా నువ్వు? మన జీతం గట్టిగ అడుగు. జల్ది, షిఫ్టు బస్సు పోతది!"

అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. ఆ కోపంతోనే గట్టిగా అడిగాను. గిట్టనివాళ్ళూ విన్నారు. కొన్నాళ్ళకు కాంట్రాక్టు ఒక పెద్ద కంపెనీ చేతికి వెళ్ళింది. వాళ్ళు పాతవాళ్ళందరినీ తీసుకుంటామన్నారు, నన్ను తప్ప. మా ఇల్లు నా చీపురు మీదే నడుస్తోంది. ఏం చెయ్యాలో పాలుపోలేదు. నాతో ఊడ్చే షమీమ్, "నువ్వు లేకుంటె మేం చీపురు పట్టం" అని కాలనీ గేటు ముందు కూర్చుంది. ఆమె వెనకే తక్కినవాళ్ళు. ఆఫీసర్ల ఇళ్ళ ముందు కూడా చెత్త పేరుకున్నాక, కంపెనీ మేనేజరు దిగొచ్చి నన్నూ రమ్మన్నాడు.

లడ్డూలు కొని మార్తక్క ఇంటికి పరుగెత్తాను. ఆమె ముట్టుకోలేదు.

"లచ్చవ్వ ఏది?" అంది.

లచ్చవ్వ మాలో అందరికంటే పెద్దది. మేం గేటు ముందు కూర్చున్నప్పుడే మేస్త్రీ ఆమెను పక్కకు పిలిచి, వయసైపోయింది, ఇక రావొద్దన్నాడట. ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. నా గొడవలో పడి మేమెవ్వరం చూసుకోలేదు. అయినా నాకు మార్తక్క మీదే ఒళ్ళు మండింది.

"ఒక్క పూటన్న సంబురపడనియ్యవా అక్కా?"

"పడు. ఆమె ఇంటికి పోయొచ్చినంక పడు."

వెళ్ళాం. లచ్చవ్వ నా చెయ్యి నిమిరి, "నా ఫికర్ ఎందుకు బిడ్డా, నీ పని నీకు దొరికింది గద" అంది. తిట్టినా బాగుండేది. ఆమెను మళ్ళీ పనిలోకి తీసుకోలేదు. మార్తక్క బతికున్నంత కాలం ఏ గేట్ మీటింగులోనూ ఆ పేరు ఎత్తకుండా మైకు దించలేదు.

ఇవాళ మీటింగు అయ్యాక డ్రైవర్లు రంగులు చల్లుకున్నారు. నాకూ సంతోషంగానే ఉంది. కానీ కాలు నిలవలేదు. గుంపులో ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ పోతుంటే ఒక డ్రైవరు అడ్డొచ్చాడు.

"ఎవలి కోసం చూస్తున్నవ్ అక్కా?"

"ఇయ్యాల రానోళ్ళ కోసం. వాళ్ళ ఇండ్లు నీకెరుకేనా?" అన్నాను. "బండి తియ్యి, పోదాం."