అవ్వ తెరిచిన పాతర

ఈ ఉదయం పేపర్లో పెద్ద అక్షరాలతో 'హామీలకు పాతర' అని చూసేసరికి ఒళ్ళు మండి, దాన్ని అవతలికి విసిరికొట్టాను. "పాతరంటే పూడ్చిపెట్టేదే గదా అమ్మమ్మా, దానికింత కోపమెందుకు?" అని మనవరాలు నవ్వింది. దాని తప్పేముంది, రాసేవాళ్ళకే తెలియనప్పుడు! వడ్లను భూమిలో దాచి మనుషుల్ని బతికించిన మాటను తీసుకుపోయి శ్మశానంలో పడేశారు. మన ఈడువాళ్ళకైనా గుర్తుందో లేదో.

కోట అనే టౌను దగ్గర మా ఊళ్ళో, ఇంటి వెనక మిట్టమీద, నిలువెత్తు గొయ్యి తవ్వి, చుట్టూ వరిగడ్డి పేర్చి, వడ్లు పోసి, పైన మట్టితో మెత్తిన పాతర ఉండేది. నా చిన్నతనంలో ఒక తుఫానుకు సముద్రపు ఒడ్డు పల్లెలు కొట్టుకుపోయి, చేపలు పట్టి బతికేవాళ్ళు తడిబట్టలతో, పిల్లల్నెత్తుకుని మా ఇంటికి వచ్చారు. ఇంట్లో బియ్యం రెండు రోజులకే నిండుకున్నాయి. పాతరలో ఉన్నవి విత్తనపు వడ్లు, తాకడానికి వీల్లేదని తాత గట్టిగా చెప్పాడు. "పిలకాయలు చచ్చినాక ఎవరికోసరం పండిస్తావు?" అంటూ అవ్వ తానే గడ్డపార అందుకుంది.

మూత తీసింది గానీ ఎవరినీ దిగనివ్వలేదు. మూసి ఉంచిన పాతరలోని గాలి మనిషిని చంపుతుందని ఆమెకు తెలుసు. తాడు కట్టి లోపలికి దింపిన దీపం ఆరిపోయింది. పిల్లల ఏడుపు వినలేక బాబాయి దూకబోతే జబ్బ పట్టి వెనక్కి లాగింది. "దీపమే బతకని తావులో నువ్వు బతుకుతావంట్రా?"

మధ్యాహ్నానికి దీపం నిలిచింది. బాబాయి దిగి గంపలు అందిస్తుంటే, మావాళ్ళూ ఒడ్డు పల్లెల ఆడవాళ్ళూ కలిసి దంచారు. పొద్దుగూకే వేళకు అందరికీ గంజి దొరికింది. ఆ ఏడు విత్తనాలకోసం తాత వెంకటాచలంలోని మా మేనత్త ఇంటికి, అంటే కూతురి గడపకే వెళ్ళి చెయ్యి చాచవలసి వచ్చింది. ఆ మంటతో అవ్వతో చాలా నెలలు మాట్లాడలేదు. అవ్వ లెక్కచెయ్యలేదు.

కడపటికి ఆ పాతరను పూడ్చింది మేమే. రొయ్యల గుంటకోసం మా తమ్ముడు మిట్టను చదును చేయిస్తుంటే, నేను పక్కనే నిలబడి ఒక్క మాటా అనలేదు. పేపరువాళ్ళనైతే తిట్టగలను, ఈ కోపం ఎవరిమీద చూపను?

మొన్నటి తుఫానుకు ఇంట్లోకి నీళ్ళొస్తే బడిలో తలదాచుకున్నాం. అన్నం పొట్లాలకోసం నిలబడ్డ వరసలో నా ముందు ఒడ్డు పల్లె ఆమె, నా ఈడుదే, "మీరు ముందు నిలబడండక్కా" అని పక్కకు జరిగింది. ఊళ్ళో ఎవరింట్లోనైనా ఓ గంపెడు వడ్లున్నాయో లేవో ఇద్దరికీ తెలియదు. వ్యాను ఎప్పుడొస్తుందోనని రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాం.