మేనత్త మంచం పట్టె

మా మేనత్త పోయిందని పుంగనూరు నుంచి ఫోను వచ్చినప్పుడు నేను మదనపల్లెలో మా ఇంట్లో దీపం పెడుతున్నాను. ఆమె కోడలు చెప్పింది. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద ఒరిగిందట. మళ్ళీ లేవలేదు. "ఏ బాధా పడలేదక్కా" అని ఆ పిల్ల ఏడుస్తూనే నాకు ధైర్యం చెప్పింది. దీపం కొండెక్కకుండా ఇంకొంచెం నూనె పోసి బస్సెక్కాను.

బస్సులో ఏడుపు వస్తుందనుకున్నాను. నవ్వు వచ్చింది. ఆమె ఒరిగిన ఆ మంచమే కళ్ళలో ఆడింది. ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం. దానిమీద పడుకున్నవాళ్ళు తెల్లారేసరికి గోడకు అంటుకుని లేవాలి. ఆ మంచం అట్లా ఎందుకయిందో చెబితే ఆమె ఎలాంటి మనిషో మీకే తెలుస్తుంది.

మా మామకు పుంగనూరులో టింబరు డిపో ఉండేది. ఆయన పోయాక అత్తే దాన్ని నడిపింది. తర్వాత కొడుక్కి అప్పగించినా, కట్టెను తట్టి చూసే అలవాటు మాత్రం పోలేదు. ఎవరింటికి వెళ్ళినా ముందు వేలి కణుపుతో తలుపును తట్టేది, చెవి పెట్టి వినేది, ఆ తర్వాతే మనుషులను పలకరించేది. మా ఇంటికి కొత్త తలుపు పెట్టించినప్పుడు అట్లాగే తట్టి చూసి, "తలుపు బాగుండాది పాపా. లోపల కాఫీ ఉండాదా?" అంది.

మా ఆఖరి తమ్ముడంటే ఆమెకు ప్రాణం. వాడికి కుప్పంలో ఉద్యోగం. సెలవు రోజుల్లో పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తాడు. ఏకాదశికి మా ఇంట్లో భజన ఉంటే తప్పకుండా వస్తాడు. అత్త కూడా పుంగనూరు నుంచి వచ్చి ముందు వరసలో కూర్చునేది. వాడు వైరు ప్లగ్గులో పెడుతుంటే ప్రతిసారీ అదే మాట. "ఏం రా, కరెంటు పోతే దేవుడికి పాట లేనట్టేనా?"

ఒక ఏడాది వాడికి ఎడమ భుజం పట్టేసింది. ఆ భుజం మీద బరువు వేయొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. వాడి గిటార్ చూస్తే ఇనుప దిమ్మెలా ఉంటుంది. దాన్ని అటక మీద పెట్టేశాడు. తేలికది దొరికితే వాయించొచ్చు, లేకపోతే మానుకోవాల్సిందే. వాడు ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. ఆ ఏకాదశికి వచ్చి వెనక గోడకు ఆనుకుని కూర్చుని తాళం వేశాడు. నేను వాడి ముఖం చూసి దేవుడికి దండం పెట్టుకున్నాను. అత్త ముఖం చూసి ఊరుకునే రకం కాదు.

"సేతులు ఉత్తగా పెట్టుకోనుండావే, యాల?"

వాడు చెప్పాడు.

"అంతేనా! తేలిక కట్టెతో ఇంకోటి సేయించుకో. కట్టె సంగతి నేను సూస్తా."

కుప్పంలో గిటార్లు చేసే మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. చాలా కాలం బెంగళూరులో పని చేసి వచ్చినవాడు. ముగ్గురం ఆయన షెడ్డుకు వెళ్ళాం. గోడకు వేలాడుతున్న గిటార్‌ను అత్త దించమంది. తిప్పి తిప్పి చూసింది.

"దీనికి బొక్క యాడప్పా?"

"ఇది కరెంటు గిటారమ్మా. బొక్క ఉండదు, లోపలంతా కట్టే."

"బొక్క లేకుంటే శబ్దం యాణ్ణించి వస్తాది?"

"తీగల కింద అయస్కాంతం ఉండాది. అది పట్టుకుంటాది."

"అయితే కట్టె మాత్రం యాల? రాతితో సేయి."

"మీవాడికి భుజం నొప్పి గదమ్మా!" అన్నాడు మేస్త్రీ. అందరికంటే గట్టిగా అత్తే నవ్వింది.

గిటార్ ఒంటికి పనస కట్టె తప్ప మరొకటి పనికిరాదని ఆమె పట్టు పట్టింది. వీణకు పనసే కదా వాడతారు, ఇది మాత్రం వీణకు చెల్లెలు కాదా అని ఆమె వాదన. వీణను లోపల తొలిచేస్తారు, పైగా ఒళ్ళో పెట్టుకుంటారు, దీన్ని తొలవకుండా భుజాన వేసుకుని నిలబడాలి అని మేస్త్రీ నెమ్మదిగా చెప్పాడు. ఆమె వినలేదు. ఆయన లేచి ఆమె ఒక చేతిలో పనస ముక్క, ఇంకో చేతిలో అదే సైజు గుమ్మడి టేకు అనే తెల్ల కట్టె ముక్క పెట్టాడు. అత్త కళ్ళు మూసుకుని తూచింది.

"నువ్వే గెలిసినావప్పా" అని పనస ముక్క కింద పెట్టేసింది. గుమ్మడి టేకును తట్టి, "దీనికీ గొంతు ఉండాది" అంది.

ఆమెలో నాకు బాగా నచ్చే గుణం ఇదే. వాదించినంతసేపూ కొండలా నిలబడేది, తప్పని తెలిసిన మరుక్షణం పక్కకు జరిగేది. "తప్పయితే తప్పే పాపా. దానికి మొగం మాడ్సుకుంటే కూరలో ఉప్పు తగ్గుతాదా?" అనేది. కోపం వచ్చినప్పుడు నేను ఆ మాట తలుచుకుంటాను.

ఒంటికి ఏ కట్టో తేలింది. అసలు చిక్కంతా మెడ దగ్గర. తీగలు పగలూ రాత్రీ మెడను గుంజుతూనే ఉంటాయట. పచ్చి కట్టె అయితే వంగుతుంది, వంగితే స్వరం తప్పుతుంది. లోపల ఇనుప కడ్డీ పెట్టినా, బాగా ఆరిన పాత కట్టె దొరికితే మేలని మేస్త్రీ అన్నాడు. అత్త తీగల మీద వేలు పెట్టి అదిమి చూసింది. తిరుగు బస్సులో ఆమె వేలి మీద పడిన తీగ గీతనే చూసుకుంటూ ఏదో ఆలోచిస్తూ కూర్చుంది. నాకు భయం వేసింది.

తర్వాతి వారం ఆమె మమ్మల్ని రమ్మని కబురు పెట్టి, ఒక పొడుగాటి మూటతో పుంగనూరు బస్టాండులో కనిపించింది. పాత చీర చుట్టి ఉంది. తమ్ముడూ నేనూ చెరో పక్క పట్టుకుని బస్సెక్కించాం.

"ఏందమ్మా అది?" అన్నాడు కండక్టరు.

"గిటారు మెడప్పా."

"గిటారు యాడ?"

"ఇంకా పుట్టలేదు."

కుప్పంలో చీర విప్పితే, అది ఆమె నవారు మంచానికి పక్కనుండే పొడుగు పట్టె. మా మామ పెళ్ళినాడు చేయించిన టేకు మంచం. తమ్ముడు వద్దంటే వద్దన్నాడు. ఆమె వాడి మాట పక్కన పెట్టి మేస్త్రీతో అంది. "నా పెండ్లి కాణ్ణించి నవారు దీన్ని గుంజుతానే ఉండాది. పైన నేను ఉండాను, నా బరువు సూస్తాండావు గదా. ఇది వంగలేదు. ఆ సన్న తీగలకు వంగుతాదా?"

మేస్త్రీ పట్టెను కంటి దగ్గర పెట్టుకుని ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు. "కడ్డీ మాత్రం పెడతానమ్మా" అన్నాడు. "పెట్టుకో, నీ తృప్తి నీది" అంది అత్త.

ఆమె మంచానికి కొడుకు కొత్త పట్టె వేయించాడు. అది వానాకాలం దాటకుండానే వంగింది. మార్పిస్తామంటే ఆమె ఒప్పుకోలేదు. "పల్లంగా ఉంటే నిద్ర దానంతటదే జారి వస్తాది" అనేది.

గిటార్ ఒళ్ళు సిద్ధమై, పాలిష్ వేయడమే మిగిలిందన్నప్పుడు, ఒకసారి పుంగనూరు ఇంటికి తెమ్మని అత్త కబురు పెట్టింది. తమ్ముడు తెచ్చి మంచం మీద పెట్టాడు. వాడూ నేనూ మాటల్లో ఉండగా ఆమె స్నానం చేసి వచ్చి, ద్వారబంధం ఎత్తేటప్పుడు చేసినట్టే దానికి పసుపు పూసి కుంకుమ పెట్టింది. మెడ కూర్చునే గుంటను చూసి, ద్వారబంధం నిలిపే గుంట లాంటిదేననుకుని, అందులో ఇంకా దట్టంగా పూసింది. పాలిష్ లేని కట్టె పసుపును తాగేసింది.

ముగ్గురం కుప్పం తీసుకెళ్ళి చూపిస్తే మేస్త్రీ తల పట్టుకున్నాడు. "దీనిమీద పాలిష్ ఎట్ల వేసేదమ్మా!"

"ద్వారానికి పూయమా, గడపకు పూయమా? దీనికి పూస్తే తప్పేంది?" అంది. ఆయన వివరంగా చెప్పాక నాలుక కరుచుకుంది. "సరే. తప్పే. రుద్దు."

ఆయన పైభాగం రుద్దాడు. లేత పసుపు చాయ మిగిలింది. గుంటను మాత్రం ముట్టుకోలేదు. అక్కడ రుద్దితే మెడ వదులవుతుందట. ఎట్లాగూ మెడ కింద కనబడదు కదా అని వదిలేశాడు.

గిటార్ పూర్తయ్యాక తమ్ముడు ముందు పుంగనూరుకే తెచ్చాడు. భుజానికి తగిలించుకుని అటూ ఇటూ నడిచాడు. చేయి పైకెత్తి చూపించాడు. నొప్పి లేదు. ప్లగ్గు పెట్టాడో లేదో కరెంటు పోయింది. అత్త నవ్వు వీధి దాకా వినిపించి ఉంటుంది.

"సెప్పినానా లేదా!"

వాడు ఊరికే మీటుతూ కూర్చున్నాడు. నాకు చిన్న కీచుమనే చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. అత్త వాడి పక్కన చేరి, ఆ గుమ్మడి టేకు మీద చెంప ఆనించి కళ్ళు మూసుకుంది.

"వినపడతాందత్తా?"

"నిలపొద్దు రా. ఈడ లోపల బాగా ఉండాది."

కరెంటు వచ్చినా ఆమె తల ఎత్తలేదు.

అప్పటి నుంచి వాడు ఏ ఏకాదశీ తప్పలేదు. వాడి భుజం గురించి నేను దేవుణ్ణి అడగడం మానేశాను. దండం మాత్రం పెడుతున్నాను.

పోయిన నెల అత్త కర్మ అయిపోయాక, భజనలో ఆమెకు ఇష్టమైన పాటలే వాయించాలని తమ్ముడు అనుకున్నాడు. గిటార్ మెడ స్క్రూ ఒకటి వదులయింది. ఇద్దరం కుప్పం వెళ్ళాం. ఎండకూ వెలుతురుకూ గిటార్ పైన ఆ పసుపు చాయ ఎప్పుడో వెలిసిపోయింది. మేస్త్రీ స్క్రూలు విప్పి మెడను పైకెత్తాడు.

గుంటలో పసుపు అట్లాగే ఉంది. నిన్న పూసినట్టుంది. ఆమె మూడు వేళ్ళ గీతలు కూడా ఉన్నాయి.

మేస్త్రీ దుమ్ము తుడవడానికి గుడ్డ తీసి, మళ్ళీ పక్కన పెట్టేశాడు. వంగి మెల్లగా ఊదాడు. తర్వాత మెడను దాని చోట పెట్టి బిగించాడు. మంచం పట్టె పసుపు మీద కూర్చుంది.

తమ్ముడు గిటార్ భుజానికి తగిలించుకున్నాడు. వేలి కణుపుతో ఒకసారి తట్టి, తల వంచి విన్నాడు. ఆ తర్వాతే తీగ మీటాడు.