మిద్దె మీది పొగ

కర్నూలు రాజధానిగా ఉన్న ఏళ్లలో నేను ఆదోనిలో మా నాయన పత్తి దుకాణం చూసుకుంటాండేవాణ్ణి. పత్తి ఉన్న చోట అగ్గిపుల్ల గీయకూడదు. పొద్దంతా బోరాల మధ్య తిరిగి, సిగరెట్టు కోసం ప్రాణం పీకితే, దుకాణం దాటి సందు దాటి రైలు కట్ట దాకా పోయి తాగి రావల్సిందే. అట్ల నిలబడి గబగబా పీల్చడం వల్లనో ఏమో, ఆ చలికాలం నాకు దగ్గు పట్టుకుంది. ఎండలు ముదిరినా వదల్లేదు.

మద్రాసులో ఒక ఎగుమతి కంపెనీలో పనిచేసే నా చిన్ననాటి స్నేహితుడు పత్తి చూడటానికని వచ్చినాడు. నా దగ్గు విని, సంచిలోంచి ఒక పైపూ, చేతిలో ఇమిడే ఒక రేకు డబ్బా తీసి బల్ల మీద పెట్టినాడు.

"సిగరెట్లు మానేయప్పా. ఇది తాగి సూడు. ముసలి దొరలు తాగే రకం. శానా మెత్తనిది, గొంతు పట్టుకోదు. ఒకటే మాట, తొందరపడగూడదు. తొందరపడితే నాలిక కాలుతాది."

డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మన చుట్ట పొగాకు ఘాటు దానికి లేదు. ఎండు ఖర్జూరం, పాకం పట్టిన బెల్లం, వానకు ముందు గడ్డివాము, వీటన్నిటి వెనక ఎక్కడో పాత చెక్కపెట్టె తెరిచినప్పటి వాసన. ఇష్టంగానే ఉంది. కానీ అంత తియ్యటి వాసన లోపల ఏదో మూసిపెట్టినట్లు అనిపించి, ఎందుకో మూత వెంటనే పెట్టేసినాను.

మా ఇంట్లో పైపు పట్టుకుంటే మా నాయన ఊరుకోడు. నా భార్య తొలి కాన్పుకు ఎమ్మిగనూరులో పుట్టింట్లో ఉంది. ఆదివారం ఆదివారం బస్సెక్కి పోయి చూసొచ్చేవాణ్ణి. తాగితే అక్కడే తాగాలనుకున్నాను.

మా అత్తగారిది మట్టి మిద్దె. కింద పెద్ద పడసాల, దాని కప్పులో వెలుతురు కోసం వదిలిన గవాక్షి. పక్కన మెట్లెక్కితే మిద్దె మీద ఒక చిన్న గది. ఇంట్లో ఉండేది ఇద్దరే, మా అత్త, నా భార్య. మా మామ ఎప్పుడో నా భార్యకు పాలపళ్లు ఊడే వయసులోనే పోయినాడు. నేను ఆయన్ను చూడలేదు. మా అత్త నాతో ఏనాడూ నేరుగా మాట్లాడింది లేదు. మా వాళ్లలో అల్లుని ఎదటికి అత్త రాకూడదు. నెత్తిన కొంగు కప్పుకుని తలుపు వెనక నిలబడి, "పాపా, అల్లునికి ఇంగో రొట్టె ఎయ్యి" అని కూతురితో చెప్పేది. పెళ్లయినప్పటి నుంచి ఆమె ముఖం నేను సరిగ్గా చూసింది లేదు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కడం కూడా మానేసిందని నా భార్య అనేది.

ఆ ఆదివారం భోజనమయినాక మిద్దె మీది గదిలోకి పోయినాను. మిట్టమధ్యాహ్నం. ఎండకు వీధి తెల్లగా మండుతాంది. స్నేహితుడు చెప్పినట్లే పొగాకు పొరలు విడదీసి, అడుగున వదులుగా, పైన కొంచెం గట్టిగా నింపినాను. మొదటిసారి వెలిగిస్తే పొగాకు ఉబ్బి ఆరిపోయింది. బొటనవేలితో అదిమి మళ్లీ వెలిగించినాను. ఈసారి అంటుకుంది. పొగ చల్లగా, మెత్తగా, కొంచెం తియ్యగా నోట్లోకి వచ్చింది. దగ్గు రాలేదు. వదిలిన పొగ గదిలోంచి బయటికి పోయి, మిద్దె మీద అట్లే పడుకుని, మెల్లిగా గవాక్షి వైపు జారింది.

పక్క వీధి సాలెవాళ్ల మగ్గాల చప్పుడు ఆ ఊళ్లో పొద్దున్నుంచీ చెవిలో పడుతూనే ఉంటుంది. అందరూ ఒకేసారి అన్నానికి లేచినారో ఏమో, ఆ చప్పుడు ఆగిపోయింది. అంత నిశ్శబ్దంలో మెట్ల మీద అడుగులు వినిపించినాయి. నా భార్యవి కావు. ఆమె అప్పటికి బరువుగా, గోడ పట్టుకుని నడుస్తాంది. ఇవి తేలికగా, తొందరగా వస్తున్న అడుగులు.

గది వాకిట్లో మా అత్త నిలబడింది.

నెత్తిన కొంగు లేదు. చేతిలో నీళ్ల చెంబు. నేను లేచి నిలబడబోయినాను. ఆమె నా ముఖం వైపు చూడలేదు. పైపులోంచి లేస్తున్న పొగను చూస్తాంది.

"ఎప్పుడొచ్చినారు? ఎద్దులకు నీళ్లు పెట్టినారా?" అన్నది.

ఆ గొంతు తలుపు వెనక నేను వినే గొంతు కాదు. మొగుడు ఊరినుంచి వస్తే పెండ్లాం అడిగే గొంతు. చెంబు నా పక్కన పెట్టి, ఎడమ చేత్తో మెడ దగ్గర ఏదో సర్దుకుంది. తాళి రవిక లోపలికి దోపుకున్నట్లు. ఆ మెడలో ఏమీ లేదు. తర్వాత ఎంత తేలికగా వచ్చిందో అంత తేలికగా దిగిపోయింది.

అంత ఎండలో నా వీపు చల్లబడింది. సాయంత్రం కాఫీ వేళకు ఆమె మామూలుగా తలుపు వెనక నిలబడి, మోకాలు రుద్దుకుంటా, "పాపా, కాఫీలో చక్కెర సాలిందేమో అడుగు" అన్నది. మధ్యాహ్నపు సంగతి ఆమెకు తెలియనే తెలియదు.

మేమిద్దరమే ఉన్నప్పుడు నా భార్యకు జరిగింది చెప్పినాను.

"మధ్యాహ్నం నిద్రలో మా నాయన వచ్చినాడు. ముఖం కనపడలా. వాసన వచ్చింది. లేచినాక గూడా పడసాల్లో అదే వాసన. నా భ్రమ అనుకుంటి" అన్నది.

అప్పుడు చెప్పింది. మా మామ ఆదోనిలో ఒక దొరల కంపెనీకి పత్తి కొనిపెట్టేవాడు. అక్కడి దొర ఆయనకు పైపు అలవాటు చేసి, ఆ పొగాకు తెప్పించి ఇచ్చేవాడు. ఆయన మిద్దె మీద ఆ గదిలోనే కూర్చుని తాగేవాడు. ఒక ఎండాకాలం అన్నం తిని, మధ్యాహ్నమే బండి కట్టించుకుని ఆదోనికి పోయినాడు. దోవలో వడదెబ్బ తగిలింది. పొద్దుగూకే వేళకు అదే బండిలో తెచ్చి పడసాల్లో పడుకోబెట్టినారు.

"మా అమ్మ అప్పుడు ఏడ్సలేదంట. ఇప్పటికీ నేను సూడలా" అన్నది.

డబ్బా పారేస్తానన్నాను. ఆమె వద్దంది. వచ్చే ఆదివారం తెమ్మంది.

"నీకేమన్నా పిచ్చా? కడుపుతో ఉన్నదానివి."

"మా నాయన గొంతు నాకు గుర్తులేదు. మా అమ్మ ఆయనతో ఎట్ల మాట్లాడేదో అది గూడా తెలీదు. ఒక్కసారి ఇంటాను. నేను భయపడను."

ఆ వారమంతా ఆదోనిలో నాకు పని మీద మనసు నిలవలేదు. వద్దనుకుంటూనే ఆదివారం బస్సెక్కినాను. బస్సులో ఒళ్లో పెట్టుకున్న సంచిలోంచి ఆ తియ్యటి వాసన వస్తాంటే, పక్కన కూర్చున్న ముసలాయన నా వైపు రెండు మూడు సార్లు తిరిగి చూసినాడు.

మధ్యాహ్నం నా భార్య నెమ్మదిగా మెట్లెక్కి, గదిలో తలుపు రెక్క వెనక చాప మీద కూర్చుంది. నేను పైపు వెలిగించినాను. ఈసారి ఒకే పుల్లకు అంటుకుంది. పొగ గవాక్షి వైపు జారింది. మగ్గాలు ఆగినాయి. అడుగులు వినపడినాయి.

మా అత్త ఈసారి చెంబు తేలేదు. లోపలికి వచ్చి నా ఎదురుగా నిలబడి, చేతులు పిసుక్కుంది.

"పొద్దున నోరు జారినాను. మీరు లేకుంటే ఇల్లు జరగదా అంటిని. అది మనసులో పెట్టుకోని ఈ ఎండలో బయల్దేరొద్దండి. ఎద్దులు ఇప్పేయమని సెప్తాను. రేపు పోదురు గానీ."

'అత్తా, నేను నీ అల్లుణ్ణి' అని చెప్పాలనే నోరు తెరిచినాను. ఆ మాటలు నాలిక మీదికి కూడా వచ్చినాయి. కానీ నాకు వినపడింది వేరే మాట.

"సరే, పోనులే. నువ్వు కూర్చో."

అన్నది నేనే. నా పెదవులే కదిలినాయి. కానీ ఆ మాట నేను అనుకున్నది కాదు. మా అత్తను నేను 'నువ్వు' అనడమేమిటి? అంత నిదానంగా, అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి మాదిరి మాట్లాడటం నాకు ఇప్పటికీ చేతకాదు.

ఆమె పెద్దగా ఊపిరి వదిలింది. ద్వారబంధానికి ఆనుకుని నేల మీద కూర్చుంది. కళ్లలోంచి నీళ్లు కారినాయి. తుడుచుకోలేదు. అట్లే కళ్లు మూసుకుని నిద్రపోయింది. తలుపు వెనక నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తాంది. పైపు నా చేతిలో ఎప్పుడో ఆరిపోయింది. పట్టుకుని చూస్తే చల్లగా ఉంది. వాసన మాత్రం తగ్గలేదు. ఇంకెవరో పక్కన కూర్చుని తాగుతున్నట్లు చిక్కబడింది. నేను ఆ పక్కకు చూడలేదు.

కొంతసేపటికి మా అత్త మేలుకుంది. నన్ను చూసి బెదిరిపోయి కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"పాపా, నేను పైకెందుకొచ్చినాను? ఎవరు పిలిచినారు?" అని కూతుర్ని అడిగింది. దిగేటప్పుడు మోకాళ్లు మొరాయించి, మెట్టు మెట్టుకూ ఆగింది. నా భార్య చెయ్యి పట్టుకుని దింపింది.

ఆదోనికి తిరిగి పోయి పైపూ డబ్బా దుకాణంలో నా పెట్టెలో పెట్టి తాళం వేసినాను. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను.

నెల తిరగకముందే ఒక మధ్యాహ్నం నా భార్యకు నొప్పులు మొదలైనాయి. నేను ఆ వేళకు దుకాణంలో ఒక రైతుతో పత్తి తడి గురించి వాదిస్తాండాను. మర్నాడు కబురు అంది, మొదటి బస్సుకు పోయినాను. ఆడబిడ్డ. తల్లీ బిడ్డా క్షేమం. మంత్రసాని వాకిట్లోనే ఎదురై, సంతోషంగా చీర అడిగి, ఆ మాటల మధ్యే అన్నది:

"నిన్న మిద్దె మీద ఎవరప్పా, ఏందో తియ్యటి పొగ తాగుతాండ్రి? గవాక్షిలోంచి కిందికి దిగుతాంటే, కాన్పు ఇల్లు, ఆపమని అరిస్తిని. పలికినోళ్లు లేరు."

నేను లోపలికి పోయి నా భార్యను చూసినాను. నేను అడగకుండానే ఆమె తల ఊపింది.

"నాకు శానా కష్టమయింది. ఇంగ బతకననుకుంటి. అప్పుడు మా అమ్మ నా చెవిలో, 'భయపడొద్దు పాపా, మీ నాయన మిద్దె మీదే ఉండాడు, యాడికీ పోలేదు' అన్నది."

మెట్లెక్కి గదిలోకి పోయినాను. బూడిద లేదు, కాలిన పుల్ల లేదు. చాప చుట్టి గోడకు ఆనించినట్లే ఉంది. వాసన లేదు. ఎండకు కాగిన మట్టి వాసన తప్ప ఏమీ లేదు. అంతకు ముందు రెండు సార్లూ నేను ఇంతగా భయపడలేదు. ఆ ఖాళీ గది చూసి భయపడినాను. నేను అక్కడ అవసరం లేదని అర్థమైంది. నేనూ నా పైపూ ఒక తలుపు తెరిచి పెట్టినాము, అంతే. లోపలికి వచ్చిన మనిషికి ఇంక మాతో పని లేదు.

దుకాణానికి వచ్చి పెట్టె తాళం తీసి డబ్బా తెరిచినాను. సగం పొగాకు అట్లే ఉంది. వాసన పోయింది. వేళ్లతో నలిపితే ఎండుగడ్డి మాదిరి పొడి అయింది. మూత సరిగ్గా పడక ఎండిపోయింది అనుకుందామన్నా, ఆ మూత ఊడదీయడానికి నేను చాకు వాడాల్సి వచ్చింది.

బిడ్డకు పేరు పెట్టే రోజుకు మద్రాసు స్నేహితుడు కూడా వచ్చినాడు. నేను అడిగినానని ఇంకో డబ్బా తెచ్చినాడు. అదే రంగు, అదే రకం. భోజనాలయి, అందరూ పడసాల్లో వాలినాక, నేను ఒక్కణ్ణే మిద్దె ఎక్కి పైపు నింపినాను. ఎందుకు ఎక్కినానో నాకే తెలియదు. ఆయన్ను ఒక్కసారి పలకరించాలని ఉండిందేమో. పొగ బాగానే వచ్చింది. నిదానంగా తాగినాను. నోటికి వేడి తప్ప రుచి తెలియలేదు. మగ్గాలు ఆగలేదు. నేను మెట్ల వైపు చెవి పెట్టి కూర్చున్నాను. ఎవరూ రాలేదు.

కొంతసేపటికి కింద పడసాల్లోంచి మా అత్త గొంతు వినపడింది. తలుపు వెనక గొంతు.

"పాపా, ఆ పొగేందో అల్లుణ్ణి వీధిలో తాగమని సెప్పు. బిడ్డకు దగ్గొస్తాది."

పైపు గోడకు కొట్టి బూడిద రాల్చి కిందికి దిగినాను. స్నేహితుని చేతిలో పైపూ డబ్బా పెట్టేసి, ఇవి నాకు పడలేదప్పా, తీసుకపో అన్నాను. అతను నా ముఖం చూసి వాటిని సంచిలో వేసుకున్నాడు.

నా భార్య ఉయ్యాల పక్కన కూర్చుని నన్నే చూస్తాంది.

"మీకు గూడా ఆ వాసన రాలేదా?" అని మెల్లిగా అడిగింది.

"లేదు."

ఆమె బిడ్డను ఎత్తుకుని లేచింది. ఈ చేతి మీదినుంచి ఆ చేతి మీదికి మార్చుకుని, "ఇంగ ఆయన్ను పిలవొద్దు" అంటా పోయి మిద్దె మెట్ల తలుపుకు గొళ్లెం పెట్టి వచ్చింది.